హైదరాబాదునుండి చికాగోకు ఎన్ని గంటల దూరము?

అమెరికాలో ఒక కుమారుడో, కుమార్తెయో, మేనల్లుడో లేని వీధి నేడు తెలుగునాట అరుదు. అందుచేత “చికాగో ఎంత దూరము?” అను ప్రశ్న భూగోళపాఠమునుండి మన వీధి అరుగులమీదికి వచ్చినది. దూరము చెప్పుట సులభము. శంషాబాదు విమానాశ్రయమునకును, చికాగోలోని ఓహేర్ విమానాశ్రయమునకును నడుమ భూతలముపై కొలిచిన మిక్కిలి దగ్గరి మార్గము సుమారు 13,300 కిలోమీటర్లు. కాని అడిగినవారు నిజముగా తెలిసికొనగోరునది ఈ సంఖ్య కాదు. పిల్లవాడు అక్కడ బయలుదేరినాడను వార్త వచ్చిన పిమ్మట ఎన్ని గంటలకు మన గుమ్మములో అడుగుపెట్టును? అరువది యేండ్లు దాటిన తల్లి ఎన్ని గంటలు ఒక్క ఆసనమున కూర్చుండవలెను? ఇంట ఆపద కలిగినప్పుడు వానికొరకు ఎంతసేపు వేచియుండవలెను? కిలోమీటర్ల లెక్క వీనిలో ఏ ఒక్కదానికిని సమాధానము చెప్పదు. గంటల లెక్కయే చెప్పవలెను. ఆ గంటల లెక్క ఎట్లు ఏర్పడుచున్నదో ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

మొదట బడిపిల్లలు చేయు లెక్కతోనే ఆరంభింతము. నేటి పెద్ద జెట్ విమానము మంచి యెత్తున గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముతో పోవును. 13,300ను 900చే భాగించినచో 14 గంటల 45 నిమిషములకు కొంచెము పైగా వచ్చును. లెక్క తప్పు కాదు. అయినను ఈ రెండు నగరముల నడుమ ఆ సమయములో ప్రయాణము ముగించుకొనినవారు కానరారు. విమానమునకు దారి, గాలి, దాటరాని సరిహద్దులు, నడుమ దిగవలసిన మజిలీలు ఉన్నవి. ఒక్కొక్కటియు ఆ లెక్కపై తన పద్దు వ్రాసికొనును. వానిని వరుసగా చూతము.

దారి సంగతి మొదటిది. గోడకు తగిలించిన ప్రపంచపటమున చూచినచో హైదరాబాదునకు చికాగో పడమటి దిక్కున, కొంచెము ఉత్తరముగా కనబడును. అరేబియా సముద్రము, ఆఫ్రికా ఉత్తరభాగము, అట్లాంటిక్ మహాసముద్రము దాటి పోవలెనని తోచును. పటముపై అట్లు తిన్నని గీత గీచి, ఆ దిక్కు మార్చక పయనించినయెడల 16,100 కిలోమీటర్లు పోవలసివచ్చును. ఇది దగ్గరి దారికంటె 2,800 కిలోమీటర్లు ఎక్కువ. అనగా మూడు గంటలకు పైబడిన ప్రయాణము వ్యర్థము. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచుటయే ఈ భ్రమకు కారణము. కాగితముపై తిన్నగా కనబడునది భూమిపై వంకర; భూమిపై తిన్ననిది కాగితముపై విల్లువలె వంగి కనబడును.

ఇంటిలో పిల్లల గ్లోబు ఉన్నచో ఒక దారమును తీసికొని ఒక కొనను హైదరాబాదుపై నొక్కిపట్టి, రెండవ కొనను చికాగోవరకు బిగువుగా లాగి చూడవచ్చును. దారము పడమటికి పోదు. దాదాపు నేరుగా ఉత్తరమునకు లేచును. పంజాబు, కాశ్మీరు, పామీరు పర్వతములు, కజకస్తాన్ మైదానములు, రష్యాలోని యూరల్ పర్వతప్రాంతము మీదుగా పోయి బారెంట్సు సముద్రమును చేరును. స్వాల్బార్డు దీవులను తాకి, ఉత్తర ధ్రువమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమువరకు సమీపించి, అక్కడనుండి దక్షిణమునకు దిగనారంభించును. గ్రీన్‌లాండు మంచుబయళ్లు, కెనడాలోని బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతము దాటి చికాగోకు చేరును. భూగోళమును సరిగా రెండు సగములుగా కోయు వృత్తమునకు గణితశాస్త్రమున మహావృత్తమని పేరు. రెండు ఊళ్ల నడుమ అతి దగ్గరి దారి ఎల్లప్పుడును ఆ వృత్తములోని ఒక ముక్కయే అగును. కిటికీ ప్రక్క కూర్చున్న మన తల్లిదండ్రులు క్రింద మంచుగడ్డల సముద్రమును చూచి “మనము దారి తప్పితిమా?” అని కలవరపడనవసరము లేదు. దగ్గరి దారి అదియే.

ఈ రెండు నగరములను నడుమ ఎచ్చటను దిగకుండ కలుపు విమానసర్వీసును ఎయిరిండియా సంస్థ 2021 జనవరిలో ప్రారంభించినది. అదే నెలలో ఆ సంస్థ శాన్ ఫ్రాన్సిస్కోనుండి బెంగళూరుకు నడపిన తొలి విమానమును కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున మహిళా పైలట్లే ఉత్తర ధ్రువ మార్గమున తీసికొనివచ్చిరి. మన హైదరాబాదు విమానము శుక్రవారము మధ్యాహ్నము సుమారు ఒంటిగంటకు బయలుదేరి, చికాగో గడియారము ప్రకారము అదే శుక్రవారము సాయంత్రము ఆరు గంటల ప్రాంతమున చేరునట్లు కాలపట్టిక ఏర్పరచిరి. గాలిలో గడచు నిజమైన కాలము సుమారు పదహారున్నర గంటలు. తిరుగు ప్రయాణమునకు సుమారు పదునైదున్నర గంటలు. కాగితపు లెక్క పదునాలుగు ముప్పావు మాత్రమే గదా! తక్కిన కాలము ఏమైనది? రెండు ప్రయాణములకు నడుమ గంట భేదము ఎందుకు?

తక్కిన కాలములో కొంత భాగము సులభముగా తెలియునదే. విమానము నేలపై ప్రాకుచు రన్‌వే చేరవలెను. పదికిలోమీటర్ల యెత్తునకు ఎక్కుటకు అరగంటవరకు పట్టును, దిగుటకును అంతే. ఆ సమయమున దాని వేగము తక్కువ. పైగా విమానము దారమువలె బిగువైన గీతమీద పోజాలదు. పామీరు వంటి ఉన్నత పర్వతములపై విమానములోని గాలి పీడనము తగ్గినచో వెంటనే క్రిందికి దిగుటకు వీలుండదు. కాబట్టి ఆ ప్రాంతమును చుట్టి పోవుదురు. ఏ క్షణమున ఇంజను మొరాయించినను నియమిత కాలములో చేరదగిన విమానాశ్రయము అందుబాటులో ఉండునట్లు దారి ఏర్పరచుకొందురు. ధ్రువప్రాంతమున మరియొక చింత కలదు. విమానముల ఇంధనము సున్నకు దిగువ 47 డిగ్రీల వద్ద గడ్డకట్ట నారంభించును. బయటి గాలి ఒక్కొక్కప్పుడు అంతకంటెను చల్లగా నుండును. అందుచేత పైలట్లు ఇంధనపు ఉష్ణోగ్రతను కనిపెట్టుచు, అవసరమైనచో యెత్తు తగ్గించియో, వేగము పెంచియో, దారి మార్చియో పోవుదురు.

ఇక గాలి సంగతి. భూమికి తొమ్మిదినుండి పండ్రెండు కిలోమీటర్ల యెత్తున, పడమటినుండి తూర్పునకు బలమైన గాలి నదివలె ప్రవహించుచుండును. దీనికి జెట్ స్ట్రీమ్ అని పేరు. దాని వేగము గంటకు నూరు కిలోమీటర్లు దాటుట సామాన్యము. చలికాలమున మూడువందలు మించుటయు కలదు. 1920 ప్రాంతములలో జపాను దేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడు వసాబురో ఓయిషి గాలిబుడగలను ఎగురవేసి ఈ ప్రవాహమును గుర్తించి, ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను. ఆ భాష తెలిసినవారు కొద్దిమంది యగుటచే లోకము ఆ వార్తను చాలకాలము వినలేదు. గోదావరిలో ఎదురు ప్రవాహమున పడవ నడపువానికిని, వాలున పోవువానికిని భేదము చెప్పనక్కరలేదు. విమానమునకును అట్లే. దాని వేగము గాలికి సంబంధించినది. భూమిపై అది గడించు దూరము, ఆ గాలి తోడుపడునా ఎదిరించునా అనుదానిపై ఆధారపడును.

ఇందునకు చక్కని నిదర్శనము మన దేశమునుండియే లభించుచున్నది. ఎయిరిండియా వారు 2015 డిసెంబరులో ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా విమానము నడపనారంభించిరి. ఆ మార్గము సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో అదే విమానమును తూర్పుగా, పసిఫిక్ మహాసముద్రము మీదుగా పంపిరి. ఈ మార్గము 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసి, పూర్వపు మార్గముకంటె ఇంచుమించు రెండు గంటలు కలిసివచ్చెను. తూర్పునకు పోవు విమానమునకు గాలి వెనుకనుండి తోడుపడినది. దూరము పెరిగినది, కాలము తగ్గినది. కిలోమీటర్లను నమ్ముకొనినవానికి ఇది చిత్రముగా తోచును. గంటలను లెక్కించువానికి తోచదు. హైదరాబాదు–చికాగో మార్గము చాలవరకు ఉత్తర దక్షిణములుగా సాగుటచే అచ్చట గాలివలన కలుగు భేదము అంత పెద్దది కాదు. అయినను తిరుగు ప్రయాణము తూర్పు మొగమున జరుగుటచే సుమారు గంట మిగులుచున్నది.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది కాబట్టి, పడమటికి పోవు విమానమునకు ఊరు తానే ఎదురువచ్చుననియు, ఆకాశమున నిలిచియున్నచో చికాగో మన కాళ్లక్రిందికి వచ్చుననియు కొందరనుకొందురు. అట్లు జరుగదు. పరుగెత్తుచున్న రైలుపెట్టెలో కూర్చుండి ఒక వక్కను పైకి ఎగురవేసినచో అది వెనుక పెట్టెలో పడదు. మన అరచేతిలోనే పడును. వక్కకును రైలు వేగము ఉన్నది. అట్లే భూమితో కూడ గాలియు, ఆ గాలిలోని విమానమును తిరుగుచునే యున్నవి. ఊరు ఎదురువచ్చుట లేదు. గాలి భూమికంటె ఎక్కువగా కదలుటయే విమానమునకు లాభమో నష్టమో కలిగించునది.

దారిని వంచునవి ప్రకృతిశక్తులు మాత్రమే కావు. ఆకాశమునకును సరిహద్దులున్నవి. ప్రతి దేశమునకును తన నేలమీది ఆకాశముపై అధికారము కలదు. అనుమతి లేనిది పరదేశపు విమానము అందు ప్రవేశింపరాదు. 2019 ఫిబ్రవరి చివరినుండి జూలై మధ్యవరకు పాకిస్తాను తన ఆకాశమార్గములను మూసివేసినప్పుడు ఉత్తర భారతమునుండి పడమటికి పోవు విమానములు గుజరాతు వైపునకు దిగి చుట్టు తిరిగి పోయినవి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము ఆరంభమైన పిమ్మట అమెరికా, ఐరోపా సంస్థల విమానములకు రష్యా ఆకాశము మూతపడినది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను భారతీయ విమానములకు మరల ద్వారము మూసినది; ఆ నిషేధమును తరువాత నెలనెలకు పొడిగించుచు వచ్చిరి. ఢిల్లీనుండి అమెరికాకు నేరుగా పోవలసిన విమానములు కొన్ని వియన్నావంటి నగరమున దిగి ఇంధనము నింపుకొనవలసివచ్చినది. 2025 జూన్ 23వ తేదీన ఖతారు దేశము తన ఆకాశమును కొన్ని గంటలు మూసినప్పుడు దోహా మీదుగా పోవు వేలాది ప్రయాణికులు నడుమ నిలిచిపోయిరి. గ్లోబుమీది దారము మారలేదు. దానివెంట పోవుటకు మాత్రము వీలు లేకపోయినది. కాబట్టి నిరుటి ప్రయాణమునకు పట్టిన గంటలే ఈ యేడును పట్టునని ఎవరును రూఢిగా చెప్పరాదు.

అన్ని విమానములును నేరుగా ఏల పోరాదని అడుగవచ్చును. పదహారు గంటలు ఆగక పోవు విమానము నూరు టన్నులకు మించిన ఇంధనమును మోసికొనిపోవలెను. మొదటి గంటలలో కాలు ఇంధనములో చాల భాగము, చివరి గంటలకు కావలసిన ఇంధనమును మోయుటకే వ్యయమగును. ఎడారి దాటు ఒంటెల బిడారు నీటికుండలను మోయుటకే మరికొన్ని ఒంటెలను తీసికొనిపోయినట్లు. అందుచేత అతిదూర సర్వీసులు ఖర్చుతో కూడినవి; ఆసనములు నిండనిచో నిలువవు. మన హైదరాబాదు–చికాగో సర్వీసును ఎక్కువకాలము సాగలేదు. అందువలన మన ప్రయాణికులు ఢిల్లీలోనో, దుబాయి, దోహా, అబుదాబి నగరములలోనో, లండను, ఫ్రాంక్‌ఫర్టులలోనో విమానము మారుట వాడుక.

ఇట్లు మారుటవలన దూరము ఎంత పెరుగును? దుబాయిని తీసికొందము. హైదరాబాదునుండి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కడనుండి చికాగోకు సుమారు 11,640. మొత్తము 14,190. నేరు దారికంటె తొమ్మిదివందల కిలోమీటర్లే ఎక్కువ. విమానవేగమున ఒక్క గంట మాత్రమే. కాని గంటల లెక్క వేరు. దుబాయికి సుమారు నాలుగు గంటలు. అచ్చట రెండవ విమానమునకై వేచియుండుట మూడు గంటలనుకొందము. పిమ్మట చికాగోకు పదునైదు గంటలు. ఇరువదిరెండు గంటలైనవి. నడిమి మజిలీలో మూడు గంటలకు మారు ఎనిమిది గంటలు నిలువవలసివచ్చినచో ఇరువదియేడు. దూరము ఒక్క అడుగైనను పెరుగలేదు. కాలము అయిదు గంటలు పెరిగినది. టిక్కెట్టు కొనునప్పుడు ధరతోపాటు మొట్టమొదట చూడవలసినది ఈ నడిమి గంటలనే. మరీ తక్కువైనచో మొదటి విమానము ఆలస్యమైనప్పుడు రెండవది తప్పిపోవును. మరీ ఎక్కువైనచో వృద్ధులు కుర్చీలలో డస్సిపోవుదురు. పెద్దవారికి మూడునుండి నాలుగు గంటల వ్యవధి అనుకూలమని మా అభిప్రాయము. చక్రాల కుర్చీ కావలసినవారు టిక్కెట్టు కొనునాడే ఆ సంగతి తెలుపుట మంచిది.

ఇంతవరకు విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు లెక్క కట్టితిమి. కాని మనుష్యులు విమానాశ్రయములలో కాపురముండరు గదా! చికాగోనుండి ఖమ్మము చేరవలసిన కుమారుని తీసికొందము. ఇంటినుండి ఓహేర్ చేరుటకు ఒక గంట. విమానము కదలుటకు మూడు గంటల ముందు అచ్చట ఉండవలెను. దుబాయికి పదమూడు గంటలు, నడుమ నాలుగు, హైదరాబాదుకు మూడున్నర. శంషాబాదులో తనిఖీ, సామాను ఒక గంట. అచ్చటనుండి ఖమ్మమునకు ఇంచుమించు రెండువందల కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలు. మొత్తము ఇరువదితొమ్మిదిన్నర గంటలు. ఇది అన్నియు అనుకూలించినప్పటి మాట. టిక్కెట్టు దొరకుటకు పట్టు కాలము ఇందులో చేరలేదు. ఆనాటి విమానము అప్పటికే వెళ్లిపోయియున్నచో మరునాటివరకు ఆగవలసిన గంటలును చేరలేదు.

ఈ లెక్క మా వినోదముకొరకు వేసినది కాదు. పెద్దవారు కన్నుమూసిన ఇంట, కడసారి చూపునకై దూరదేశమునుండి వచ్చు బిడ్డకొరకు ఎంతసేపు ఆగవలెనను చర్చ తప్పదు. ఆ దుఃఖములో ఎవరో ఒకరు “విమానము గదా, రేపు తెల్లవారుసరికి వచ్చివేయును” అందురు. ఆ మాటను నమ్మి బంధువులకు వర్తమానము పంపుదురు. తెల్లవారును, బిడ్డ రాడు. “వాడికి మనసు లేదు” అను నింద పుట్టును. ఆ సమయమున వాడు ఏ ఎడారి నగరపు విమానాశ్రయమునందో గోడగడియారమువైపు చూచుచు కూర్చుండియుండును. వార్త విన్న క్షణమున బయలుదేరినను ముప్పది గంటలకు ముందుగా రాలేడని ఇంటివారు మొదటనే గ్రహించినయెడల, వేచియుండుటయా మానుటయా అనునది శాంతముగా నిర్ణయించుకొనవచ్చును. వేచియుండదలచినచో అందుకు కావలసిన ఏర్పాట్లు చేసికొనవచ్చును. మానదలచినచో ఆ మాటను బిడ్డకు ముందే చెప్పవచ్చును. ఏది చేసినను నింద మాత్రము మిగులదు.

గడియారము మరియొక చిక్కు. భారతదేశపు కాలమును 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి లెక్కింతురు. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. చికాగో కాలము దానికి చలిదినములలో పదకొండున్నర గంటలు వెనుక. మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారమువరకు అచ్చట గడియారములను ఒక గంట ముందుకు జరుపుదురు కాబట్టి ఆ కాలమున భేదము పదిన్నర గంటలే. పైన చెప్పిన శుక్రవారపు విమానము మధ్యాహ్నము ఒంటిగంటకు బయలుదేరి సాయంత్రము ఆరింటికి చేరినది. గడియారము అయిదు గంటలే చూపినది. శరీరము పదహారున్నర గంటలు కూర్చున్నది. తిరుగు విమానము బుధవారము రాత్రి తొమ్మిదిన్నరకు బయలుదేరి శుక్రవారము అర్ధరాత్రి దాటిన అరగంటకు ఇచ్చట దిగినది. గడియారము ఇరువదియేడు గంటలు చూపినది. నిజముగా గడచినవి పదునైదున్నర. గడియారమును నమ్మినవారు పోవునప్పుడు శ్రమను తక్కువగాను, వచ్చునప్పుడు ఎక్కువగాను తలంతురు. రెండును పొరపాటే.

ఇందుండియే మరియొక తికమక పుట్టుచున్నది. మన పెద్దలకు దినము సూర్యోదయముతో ఆరంభమగును. వారి లెక్కలో అర్ధరాత్రి దాటిన అరగంట ఇంకను గురువారము రాత్రియే. టిక్కెట్టుపై మాత్రము శుక్రవారము తేదీ అచ్చువేసియుండును. “శుక్రవారము రాత్రి గదా” యని ఇరువదినాలుగు గంటలు ఆలస్యముగా విమానాశ్రయమునకు పోవువారు కలరు. తామే ప్రయాణము చేయువారు ఇట్లు పొరపడినచో విమానమే తప్పిపోవును. అర్ధరాత్రికిని తెల్లవారుజామునకును నడుమ గల విమానములకు, అచ్చువేసిన తేదీకి ముందురోజు రాత్రి భోజనము కాగానే బయలుదేరవలెనని గుర్తుంచుకొనుట క్షేమము.

శరీరమునకును తన గడియారము కలదు. అది ఒక్కసారిగా పదకొండున్నర గంటలు జరుగదు. రోజునకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకొనునని వాడుకలెక్క. కాబట్టి అమెరికానుండి వచ్చిన మనుమడు పట్టపగలు నిద్రించి నడిరాత్రి ఆకలి యనుట పెంకెతనము కాదు. ఇంతకంటె ముఖ్యమైనది మందుల సంగతి. ఎనిమిది గంటలకొకసారి వేసికొనవలసిన మాత్రను గోడగడియారమునుబట్టి గాక, గడచిన గంటలనుబట్టి వేసికొనవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనువారు టిక్కెట్టును వెంటబెట్టుకొనిపోయి వైద్యునికి చూపి, ఏ గంటకు ఎంత తీసికొనవలెనో వ్రాయించుకొనుట అవసరము. మందులను పెద్ద పెట్టెలో పెట్టి పంపివేయక చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండువారికి కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము సుమారు రెండింతలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. ఆ ప్రమాదము మొత్తముమీద స్వల్పమే. అయినను గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయుట, మడమలు ఆడించుట, తగినంత నీరు త్రాగుట మంచిది. ప్రక్కవారిని లేపుటకు మొగమాటపడి పదునైదు గంటలు కదలకుండ కూర్చుండు తల్లులకు ఈ మాట ముందుగా చెప్పి పంపవలెను.

ఇన్ని చిక్కులు చెప్పితిమి గాని ఈ మార్గము ఒకనాడు ఎట్లుండెనో స్మరించినచో ఊరట కలుగును. 1893 ఫిబ్రవరిలో స్వామి వివేకానందుడు సికిందరాబాదు మహబూబు కళాశాలలో ఉపన్యసించి, తన పాశ్చాత్యదేశ యాత్రాసంకల్పమును వెల్లడించెను. ఆ యేడు మే 31వ తేదీన బొంబాయిలో ఓడ ఎక్కి, కొలంబో, సింగపూరు, హాంకాంగు, జపానుల మీదుగా జూలై 25న కెనడాలోని వాంకూవరు చేరెను. అక్కడనుండి రైలులో చికాగో చేరుసరికి జూలై నెల చివరకు వచ్చినది. రెండు నెలల ప్రయాణము! 1948 జూన్ 8న ఎయిరిండియా వారి “మలబార్ ప్రిన్సెస్” విమానము బొంబాయినుండి కైరో, జెనీవాలలో దిగుచు లండనుకు పోయినప్పుడు భారతీయ విమానము ఐరోపా చేరుటయే గొప్పవార్త. 1960 మేలో ఆ సంస్థవారి బోయింగ్ జెట్ విమానములు న్యూయార్కువరకు పోసాగినవి. అరువది దినములు ముప్పది గంటలైనవి. ఆ ముప్పది గంటలను ఇంకను చాల తగ్గించుట నేటి విమానములకు సాధ్యము కాదు. విమానవేగము అరువది యేండ్లుగా ఇంచుమించు ఒక్కతీరుననే యున్నది. మారుచున్నవి దారులు, మజిలీలు మాత్రమే.

కాబట్టి దూరదేశమున బిడ్డలున్న ప్రతి ఇంటివారును ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాసియుంచుకొనుట ఉపయోగకరము. మొదటిది, రెండు దేశముల కాలభేదము: చలికాలమున పదకొండున్నర, వేసవియందు పదిన్నర. రెండవది, బిడ్డ ఇంటినుండి మన ఇంటికి గడపనుండి గడపకు పట్టు మొత్తము గంటలు. మూడవది, ప్రయాణము నిశ్చయమైనప్పుడు విమానము సంఖ్య, దిగు తేదీ, వారము, గంట. అర్ధరాత్రి దాటినదైనచో “ఫలానా రాత్రి తెల్లవారితే” అని మన మాటలలో స్పష్టముగా వ్రాసికొనవలెను. దారిలో ఆలస్యములకై ఆరు గంటలు కలిపి చెప్పినచో ఆడినమాట తప్పదు. చికాగో ఎంత దూరమని ఇక ఎవరైన అడిగినప్పుడు పదమూడువేల కిలోమీటర్లని చెప్పి ఊరకుండక, మన గడపకు ముప్పది గంటల దూరమని చెప్పుట మేలు.